శిఖంలో సెలవులు

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, నగరంలో ఉన్న తెలుగు గృహస్థుకు చెరువు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. మిగతా పది నెలలూ పుట్టదా అంటే, అంత తీరిక ఉండదు పాపం. ఆ పది నెలలూ ఆయన చెరువు పూడ్చిన చోట ప్లాటు బేరమాడుతూనో, ఇదివరకే కొన్నదాని క్రమబద్ధీకరణకు ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరుగుతూనో ఉంటాడు. మే నెల రాగానే మాత్రం పిల్లలకు ప్రకృతి చూపించాలన్న సద్బుద్ధి కలుగుతుంది. "ఈసారి మాల్సూ సినిమాలూ వద్దండీ, ఏదైనా లేక్ పక్కన టెంట్లు వేసే చోటు చూడండి" అంటుంది ఇంటావిడ. "చూస్తున్నా" అని ఆయన ఫోను తీస్తాడు. నీళ్ల ఒడ్డున రెండు రోజులు గడపాలనుకున్న ఒక మంచి కుటుంబం నీళ్ల నోట్లో మట్టి కొట్టే వ్యవహారంలో వాటాదారు కావడం ఆ క్షణం నుంచే మొదలవుతుంది.

ఎంపిక ఫొటోలు చూసి జరుగుతుంది. ఫొటోలో చెరువు కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. గుడారం గుమ్మంలో కూర్చుని కాలు చాపితే బొటనవేలు తడిసేటంత దగ్గరగా నీళ్లు, వెనక గుట్ట, గుట్ట మీద వాలుతున్న సూర్యుడు. ఆ ఫొటో డ్రోనుతో తీసింది, సెప్టెంబరులో తీసింది. మన బుకింగ్ మే నెలాఖరుకు. ఈ మధ్య ఎనిమిది నెలల్లో చెరువు ఏం పని చేసిందో, ఎన్ని ఎకరాలు తడిపిందో ఫొటో చెప్పదు, మేనేజరు చెప్పడు, గృహస్థు అడగడు.

మన చెరువులు పిక్నిక్ కోసం పుట్టినవి కావు. పాఖాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల కాలం నాటివి. గుట్టల మధ్య వాగుకు అడ్డంగా కట్ట పోశారు. పొలానికి నీళ్లు వదలడానికి తూము పెట్టారు. ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి కట్టారు, కోస్తాలో దాన్నే అలుగు అంటారు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకుతుంది. యాసంగి వరికి తూము తెరుస్తారు. వైశాఖం వచ్చేసరికి అడుగంటుతుంది. అడుగంటిన చెరువు చచ్చిన చెరువు కాదు, డ్యూటీ దిగిన చెరువు. ఆ రెండు నెలల్లో రైతులు అందులోంచి ఒండ్రు తోలుకుంటారు, తడి ఉన్నచోట దోస, పుచ్చ పెడతారు, గొర్రెలు మేస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేల పైచిలుకు చెరువులు బాగుచేస్తామని బయల్దేరి పూడికతీత పెట్టుకుంది కూడా ఈ ఎండాకాలంలోనే. సరిగ్గా అదే ముహూర్తానికి మన గృహస్థు ఈత నిక్కరు వేసుకుని, అద్దె పడవ కోసం నాలుగు వందలు చేతిలో పట్టుకుని దిగుతాడు. ఎదురుగా మోకాలి లోతు బురద, మధ్యలో ఒక మడుగు, మడుగు చుట్టూ గేదెలు. "మోసం! లేక్ వ్యూ అన్నారు, బఫెలో వ్యూ ఇచ్చారు" అని ఒక చుక్క రేటింగ్ కొడతాడు. మోసం చేసింది ఎవరైనా కావచ్చు గానీ చెరువు మాత్రం కాదు.

చిన్న చెరువుల సంగతి అలా ఉంచి పెద్ద జలాశయాలకు వెళదామంటే అక్కడా లెక్క ఇదే. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున గుడారం వేసుకుంటే సముద్రం చూసినట్టుంటుందని ఎవరో చెబుతారు. ఉంటుంది, శ్రీశైలం నిండినప్పుడు. ఆ జలాశయంలోనే, ఆవలి ఒడ్డున సంగమేశ్వరాలయం ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల అడుగున ఉండి, మట్టం బాగా పడిపోయాక ఎండాకాలంలో బయటపడుతుంది. సంగమేశ్వరుడు దర్శనమిస్తున్నాడంటే క్యాంపు సైటు ముందు నుంచి నీళ్లు సెలవు పుచ్చుకున్నాయని అర్థం. కృష్ణా తీరంలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేని పంచాంగం ఇది. మనవాడికి మాత్రం వీకెండ్ పంచాంగం ఒక్కటే తెలుసు.

సరే, మే నెలలో కూడా గుడారం ముందు నీళ్లుండాలని కస్టమరు పట్టుబడితే వ్యాపారి ఏం చేస్తాడు? చెరువు గట్టు దాకా రాకపోతే, గట్టే చెరువు దాకా పోతుంది. నీళ్లు ఎంత వెనక్కి జరిగితే గుడారాలు అంత ముందుకు జరుగుతాయి. ఈ కళకు ఒక క్రమం ఉంది, దగ్గరుండి చూడదగ్గది. మొదటి ఏడు వెదురు కర్రలు, కాన్వాసు గుడ్డ. "తాత్కాలికమేనండీ, విప్పేస్తే ఏమీ ఉండదు" అంటాడు. రెండో ఏడు గుడారం కింద తేమ వస్తోందని సిమెంటు దిమ్మె. మూడో ఏడు దిమ్మె పక్కన బాత్రూము, అది మాత్రం ఇటుకతో కట్టకపోతే ఆడవాళ్లు రారని సాకు. నాలుగో ఏడు రెండు బాత్రూముల మధ్య ఒక రిసెప్షను. ఐదో ఏడు చుట్టూ ప్రహరీ, గేటు, గేటు దగ్గర ఒక కుర్చీ, కుర్చీలో "ప్రైవేట్ ప్రాపర్టీ అండి, ఇటు రాకూడదు" అనడానికి ఒక మనిషి. గుడారాలు అప్పటికి కూడా ఉంటాయి, మేడ మీద, ఫొటోల కోసం.

ప్రతి చెరువుకూ ఒక గీత ఉంటుంది. నిండా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే గీత. ఆఫీసుల్లో దాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. గీత లోపలి నేలను ఊళ్లో శిఖం అంటారు. శిఖంలోనూ కొందరికి పట్టాలున్నాయి. నీళ్లు దిగాక పంట వేసుకోవడానికి ఉన్నాయి, నీళ్లు రాకుండా గోడ కట్టుకోవడానికి కాదు. గీత బయట కూడా కొంత ఖాళీ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది: నగరపాలక, పురపాలక పరిధిలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే, కుంటైతే 9 మీటర్లు. నీళ్లూ నేలా చెట్టూ కాపాడటానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. చట్టానికి లోటు లేదు. చూసే కళ్లకే లోటు. ఫిర్యాదు పట్టుకుని వెళితే నీటిపారుదల వాళ్లు హద్దు రెవెన్యూ చూపించాలంటారు, రెవెన్యూ వాళ్లు అనుమతి ఇచ్చింది పంచాయతీ అంటారు, పంచాయతీ వాళ్లు మేం ఇచ్చింది హోటలు లైసెన్సే, చెరువు మా పరిధి కాదంటారు. ఈ ముగ్గురూ కలిసి ఒక్కచోట కూర్చునే సందర్భం ఏడాదికి ఒక్కటే. ఆ రిసార్టులో జరిగే పెద్దమనుషుల పుట్టినరోజు విందు.

గీత దాటే ఈ విద్యలో మన రాజధాని జలాశయాలది పెద్దపీట. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ఊడ్చుకుపోయింది. వేలమంది పోయారు. ఇంకోసారి అలా జరగకుండా విశ్వేశ్వరయ్య సలహా మీద పైన రెండు జలాశయాలు కట్టారు. 1920కి ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927కి హిమాయత్‌సాగర్. వరద ఆపాయి, పైగా నగరానికి దశాబ్దాల పాటు దాహం తీర్చాయి. వాటిని కాపాడుకోవాలని 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. ఆ జీవో బతికుండగానే ఫాంహౌసులు మొలిచాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది. ఆంక్షలు ఎత్తేస్తున్నాం, జలాశయాల నీటి నాణ్యత మాత్రం చెడకూడదు అని దాని సారాంశం. గేటు తీసేశాం, గేదెలు మాత్రం చేలో పడకూడదు అని చెప్పడం ఇంత చక్కగా ఇంకెవరికి చేతనవుతుంది? కారణం ఏమిటయ్యా అంటే, నగరం తాగే నీటిలో ఈ రెండిటి వాటా ఇప్పుడు బహు తక్కువట. ముసలి తల్లి సంపాదన తగ్గింది గనుక ఇల్లు అమ్మేయొచ్చన్న కొడుకులకు జీవో నంబరు కూడా దొరికింది.

ఇప్పుడు మన గృహస్థు మేనేజరుకు ఫోను చేస్తాడు. ఈ సంభాషణ ఏ రిసార్టుకు చేసినా ఒక్కటే.

"ఏసీ టెంట్లు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. మనది ప్రీమియం గ్లాంపింగ్ సార్."

"కరెంటు పోతే?"

"ఫుల్ జనరేటర్ బ్యాకప్ సార్."

"బార్బెక్యూ అన్‌లిమిటెడేనా? పిల్లలకు హాఫ్ టికెట్టా? వైఫై సినిమా చూసేంత స్పీడ్ వస్తుందా?"

"అన్నీ ఉన్నాయి సార్. రెయిన్ డ్యాన్స్ కాంప్లిమెంటరీ సార్."

"మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, వెస్ట్రన్ టాయిలెట్ కావాలి."

"ప్రతి టెంటుకూ అటాచ్డ్ సార్."

అటాచ్డ్ సరే, ఆ టాయిలెట్ దేనికి అటాచ్ అయి ఉందో ఆయన అడగడు. ముప్ఫై గుడారాలు, ముప్ఫై మరుగుదొడ్లు, వంటశాల, స్విమ్మింగ్ పూలు. నేల చెరువు వైపు వాలు. తడి నేలలో గొయ్యి తవ్వితే నాలుగు అడుగులకే ఊట వస్తుంది, అందులో సెప్టిక్ ట్యాంకు దింపి మూత పెడతారు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ అక్కడ కాలకృత్యాలు తీర్చుకుని, చెరువు వైపు చూసి, "వాటర్ కొంచెం గ్రీన్‌గా ఉందేంటి, స్మెల్ వస్తోంది కూడా" అని ముక్కు మూసుకుంటారు. ఆ ఆకుపచ్చలో తమ చేయి ఎంత ఉందో ఎవరికీ తట్టదు. నగరం నడిబొడ్డున నాలుగున్నర శతాబ్దాల హుస్సేన్‌సాగర్ ఉండగా దాని ఒడ్డున గుడారం వేసుకుందామని ఎవరూ ఎందుకు అనరు? ఇదే పని నగరమంతా కలిసి అక్కడ ఎప్పుడో పూర్తి చేసింది గనుక. ఇప్పుడు యాభై, అరవై కిలోమీటర్ల అవతల మిగిలినవాటి మీద పడ్డాం.

ఇక గుడార జీవితం. చెక్-ఇన్ మధ్యాహ్నం రెండింటికి. తెలంగాణలో మే నెల రెండింటికి ఆవులు కూడా చెట్టు నీడ వదిలి కదలవు. బయట 42 డిగ్రీలు. గుడారం లోపల ఎంతో కొలవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఏసీ పెట్టెలోంచి వచ్చే చల్లగాలి జిప్పు సందుల్లోంచి ప్రకృతిలో కలిసిపోతుంటుంది. జనరేటరు మోత పక్షులను ఎప్పుడో పంపించేసింది. కింద పరిచింది ప్లాస్టిక్ గడ్డి, ఎండకు కాగి చెప్పుల్లేని పిల్లాడి పాదాన్ని చుర్రుమనిపిస్తుంది. "ప్రకృతి హాట్‌గా ఉంది డాడీ" అని వాడు గుడారంలో దూరి ట్యాబ్ తీస్తాడు. ఇంట్లోనూ చేస్తున్న పని అదే, కాకపోతే ఇంట్లో రాత్రికి పదిహేను వేలు అవదు.

సాయంత్రం రెయిన్ డ్యాన్సు. ఈ ఒక్క ఘట్టం చూస్తే చాలు, మన కాలం మొత్తం అర్థమవుతుంది. తలకు మూడడుగుల పైన ఇనుప చట్రం, చట్రానికి బెజ్జాలు కొట్టిన ప్లాస్టిక్ పైపులు, మూల రెండు స్పీకర్లు. గోడ పక్కన ట్యాంకరు ఆగి ఉంటుంది, దాని గొట్టం పైపులకు తగిలిస్తారు. ఆ ట్యాంకరు నిండింది చెరువు అంచున వేసిన బోరులోంచి. అంటే చెరువు అడుగున మిగిలిన తడిని మోటారుతో పైకి లాగి, వానగా కురిపించి, ఆ వానలో సినిమా పాటకు గంతులేసి, తడి బట్టలతో ఎండిన చెరువు వైపు తిరిగి సెల్ఫీ దిగుతారు. వాన కోసం కప్పలకు పెళ్లి చేసే పల్లెటూరి వాళ్లను చూసి మూఢనమ్మకమని నవ్వేదీ వీళ్లే.

రాత్రి ఎనిమిదింటికి చలిమంట. అవును, మే నెలలోనే. పగలంతా ఎండకు కాలినవాళ్లను కుర్చీలేసి మంట చుట్టూ కూర్చోబెడతారు. ప్యాకేజీలో ఉంది కాబట్టి కూర్చుంటారు కూడా. డీజే పాట దంచుతుంటాడు. గంటకొక మినరల్ వాటర్ సీసా ఖాళీ అవుతుంది, చెరువు ఒడ్డున తాగడానికి చెరువు నీళ్లు పనికిరావు కదా. ఖాళీ సీసా ఎటు పోతుందో గాలికే తెలుసు. తెల్లారి తీగ కంచె కింద ఆ సీసాలన్నీ వరసగా పేరుకుని కనిపిస్తాయి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పడవ దగ్గర నవ్వు ఆపాలి. పొద్దున పదింటికి "బోటింగ్ ఇన్‌క్లూడెడ్" అంటారు. నలుగురు ఎక్కే పడవలో ఏడుగురు ఎక్కుతారు, మనవాళ్లే కదా అని. లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్పగా పడి ఉంటాయి. బకిల్స్ ఊడినవి, పట్టీ తెగినవి, పోయిన వారం ఎవరిదో చెమట ఆరనివి. "మురికిగా ఉన్నాయి, వద్దులే" అని తల్లి పక్కన పెడుతుంది. "ఫొటోలో బాగోదు" అని పెద్దమ్మాయి విప్పేస్తుంది. పడవ నడిపేవాడు నిన్నటిదాకా వంటశాలలో గిన్నెలు తోమిన కుర్రాడు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. మొదటిసారి కార్తికమని, రెండోసారి సెలవని, సరదా అని కుటుంబాలకు కుటుంబాలు వెళ్లాయి. రెండుసార్లూ నెల రోజులు తనిఖీలు చేశాం, బోట్లు ఆపేశాం, కమిటీలు వేశాం. ఆ తర్వాత? ఇవాళ ఏ చెరువు దగ్గరైనా పడవ ఎక్కే ముందు దాని లైసెన్సు అడిగిన తండ్రి ఒక్కడు కనిపిస్తే చూపించండి. బిర్యానీలో ముక్కలు తగ్గాయని మేనేజరును గంటసేపు నిలదీసిన తండ్రులు మాత్రం లెక్కలేనంత మంది.

నీళ్లలో ఏముందో కూడా ఎవరూ అడగరు. సంగారెడ్డి దగ్గర మంజీర అభయారణ్యానికి పేరు తెచ్చింది మొసళ్లు. అవి అక్కడ మనకంటే ముందు నుంచీ ఉన్నాయి. అటవీ శాఖ బోర్డు పెట్టి మరీ చెబుతుంది. ఆ బోర్డుకు ఆనుకుని సెల్ఫీ దిగి, పిల్లాణ్ని నీళ్లలోకి దింపే ధైర్యం మాత్రం మనకే సొంతం.

చెరువు మీద బతికేవాళ్లు ఈ ప్యాకేజీలో ఎక్కడా ఉండరు. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా ఆ నీళ్లలో వల వేస్తున్నారు. వాళ్లకు సొసైటీ ఉంది, చేప పిల్లలు వదిలే కాలం, పట్టే కాలం ఉన్నాయి. రిసార్టు కంచె పడ్డాక వాళ్లు చెరువులోకి దిగాలంటే రెండు కిలోమీటర్లు చుట్టి రావాలి. "గెస్టులకు డిస్టర్బెన్స్" అంటాడు మేనేజరు. వాళ్లు పట్టిన చేప మాత్రం రాత్రి గెస్టుల బార్బెక్యూలో ఉంటుంది, అయిదింతల ధరకు. బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లు పూలెత్తుకుని వస్తే ఒకప్పుడు కట్టంతా వాళ్లదే. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో మనిషి లేచి నిలబడి, ఎంతమంది వస్తారో ముందే చెప్పాలంటాడు. కట్టమైసమ్మ గుడి ఒక్కటీ ప్రహరీ లోపల పడిపోయింది. దాన్ని కూడా "హెరిటేజ్ కార్నర్" చేసి చుట్టూ రంగు బల్బులు కట్టారు. అమ్మవారు నోరు లేనిది గనుక ఊరుకుంది.

ఊరుకోనిది ఒకటుంది, అది వాన. చెరువు మీద అలిగినవాడి సామెత మనకు తెలుసు. చెరువే అలిగితే ఏమవుతుందో 2020 అక్టోబరులో తెలిసింది. హైదరాబాదు శివారు ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. పాతబస్తీ పక్కన గుర్రం చెరువు కట్ట తెగింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. అప్పుడు మనవాళ్లంతా "ఇళ్లలోకి నీళ్లొచ్చాయి" అని గగ్గోలు పెట్టారు. నీళ్లు వాళ్ల ఇళ్లలోకి రాలేదు. తమ ఇంట్లోకి తాము వచ్చాయి, అక్కడ ఎవరో కాపురముంటే కంగారుపడ్డాయి. శిఖంలో లేచిన రిసార్టుల్లోనూ అదే తంతు. స్విమ్మింగ్ పూలుకూ చెరువుకూ తేడా లేకుండా పోయింది. అడ్వాన్సు కట్టినవాళ్లకు మేనేజరు మెసేజి పెట్టాడు: ప్రకృతి వైపరీత్యం కారణంగా డబ్బు వాపసు ఇవ్వలేము. ప్రకృతి చూడటానికి డబ్బు కట్టినవాడికి ప్రకృతే వచ్చిందని డబ్బు ఎగ్గొట్టడం, ఇంతకంటే నిఖార్సైన వ్యాపారం ఉంటుందా!

ఆ తర్వాత 2024 జులైలో, చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. బుల్డోజర్లు కదిలాయి, టీవీల్లో లైవులు నడిచాయి. కూలే గోడను చూసి చప్పట్లు కొట్టినవాడే ఆ వారాంతానికి ఇంకో చెరువు ఒడ్డున "లేక్ ఫేసింగ్" గది వెతుక్కున్నాడు. ఇదీ అసలు జబ్బు. ఆక్రమించినవాణ్ని తిట్టడం తేలిక, అధికారిని తిట్టడం ఇంకా తేలిక. ఇద్దరికీ డబ్బు పుట్టించే చెయ్యి ఎవరిది? గుడారం ముందు మే నెలలోనూ నీళ్లు కావాలని పట్టుబట్టి, రాత్రికి పదిహేను వేలు ఫోన్‌పే చేసిన చెయ్యి. నీళ్లకు దగ్గరయ్యే కొద్దీ ధర పెరుగుతుంది. నువ్వు పెంచిన ధరే వాణ్ని ఇంకో పది అడుగులు లోపలికి నెట్టింది. ఆక్రమణదారు మన సేవకుడు, మనం ఏది అడిగితే అది కట్టిపెట్టాడు. తర్వాత వాణ్ని ముద్దాయి చేసి మనం సాక్షులమయ్యాం.

"అయితే పిల్లల్ని ఎక్కడికీ తీసుకెళ్లొద్దంటారా? ఇంట్లోనే కట్టేసి ఉంచమంటారా?" అని గృహస్థుకు కోపం వస్తుంది. ఎవరన్నారు? తీసుకెళ్లండి. చెరువు చూడాలంటే నిండినప్పుడు వెళ్లండి, దసరా సెలవులు అందుకే ఉన్నాయి. మత్తడి దుంకుతుంటే చూసిన పిల్లాడికి నీటిపారుదల పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. లక్నవరం వేలాడే వంతెన మీద నడిపించండి. ఎండాకాలమే వెళ్లక తప్పదంటే ఎండాకాలపు చెరువునే చూపించండి. అడుగంటిన చెరువులో దిగి తూము ఎలా ఉంటుందో, కట్టకు రాళ్లు ఎలా పేర్చారో, ఒండ్రు పొలానికి ఎందుకు తోలుతారో చూపించండి. అదెంత పాఠమో ఏ సమ్మర్ క్యాంపు వాడూ చెప్పలేడు, ఫీజు మాత్రం వసూలు చేయగలడు. గుడారం కావాలంటే కట్ట కింద, గీత అవతల, ఊరివాళ్ల తోటలో వేసుకోండి. ఆ డబ్బు ఊరికి పోతుంది. నీళ్లు నాలుగడుగులు దూరమైతే ఏమైంది, నడవడానికి కాళ్లున్నాయి.

బుక్ చేసే ముందు ఊళ్లో ఒక్క మనిషిని అడగండి. తూము తెరిచి మూసే నీరటి ఇంకా ఉంటే ఆయన్ని, లేకపోతే చేపలు పట్టేవాళ్లలో పెద్దవయసు మనిషిని. "తాతా, నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?" అని. ఆయన చెయ్యి చాపి చూపించిన చోటుకు ఇవతల గుడారం ఉందంటే మీరు చెరువు ఒడ్డున కాదు, చెరువులో పడుకోబోతున్నారు. ఆ తర్వాత మేనేజరును రెండు అడగండి. నీ మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయి? నీ పడవకు లైసెన్సుందా, పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్లున్నాయా? బార్బెక్యూ గురించి నాలుగో ప్రశ్నగా అడగొచ్చు, ఎవరూ కాదనరు.

మొదటి మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి.